క్లాస్ అక్షరం చూసే ముందు గది చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త డ్రై టైప్ (నూనె లేకుండా గాలితోనే చల్లబడే) ట్రాన్స్‌ఫార్మర్‌కు క్లాస్ ఎఫ్ ఇన్సులేషన్ సరిపోతుందా, క్లాస్ హెచ్ తీసుకోవాలా అని అడిగావు. ముందు దాన్ని పెట్టబోయే గదిలో, ఏడాదిలో అన్నిటికంటే వేడిగా ఉండే రోజున, గాలి ఎన్ని డిగ్రీలు ఉంటుందో కొలిచి చూడు.

క్లాస్ అక్షరం చెప్పేది ఇన్సులేషన్ తట్టుకోగల హద్దు మాత్రమే: బికి 130, ఎఫ్‌కి 155, హెచ్‌కి 180 డిగ్రీలు. వైండింగ్ (తీగచుట్ట) ఎంత వేడెక్కుతుందో తేల్చేది నేమ్‌ప్లేట్ మీద విడిగా ఉండే టెంపరేచర్ రైజ్, అంటే పూర్తి లోడ్‌లో చుట్టూ ఉన్న గాలికంటే వైండింగ్ ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందన్నది. డ్రై టైప్ ట్రాన్స్‌ఫార్మర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60076-11 ప్రకారం క్లాస్ ఎఫ్‌కు సగటు రైజ్ 100 డిగ్రీల వరకు ఉండవచ్చు. చుట్టూ ఉన్న గాలి 40 అనుకుంటే మొత్తం 140 అవుతుంది. మిగిలిన 15 డిగ్రీలను మిగులు అనుకునేవారే ఎక్కువ, కాని అది హాట్‌స్పాట్‌కు, అంటే వైండింగ్‌లో అన్నిటికంటే వేడెక్కే భాగానికి, విడిచిన చోటు, ఎందుకంటే రెసిస్టెన్స్ కొలిచి తేల్చే రైజ్ సగటు మాత్రమే, వైండింగ్ పైభాగం అంతకంటే వేడిగా ఉంటుంది.

ఒకసారి నా చేతి మీదుగానే పొరపాటు జరిగింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగిపోయిన గదిలో థర్మామీటర్ 52 చూపించింది. వైండింగ్ పై అంచున వార్నిష్ ముదురు గోధుమ రంగుకు తిరిగి, తలుపు తీయగానే మాడు వాసన కొట్టింది. నేమ్‌ప్లేట్‌లో అబద్ధమేమీ లేదు, గదినే నేను లెక్కలోకి తీసుకోలేదు.

అందుకే లోడ్ పెరిగే అవకాశం ఉన్నా, గాలి సరిగా ఆడకపోయినా, క్లాస్ హెచ్ ఇన్సులేషన్‌తో 80 డిగ్రీల రైజ్ అడగమంటాను. రాగి ఎక్కువ పడుతుంది, ధర, సైజు పెరుగుతాయి. అయితే వైండింగ్ అంతగా వేడెక్కదు కాబట్టి, డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరిగే రాగి రెసిస్టెన్స్ తక్కువగా ఉండి, లోడ్ నష్టాలూ తగ్గుతాయి. లోడ్ నిలకడగా ఉండి, గది చల్లగా ఉంటే మాత్రం ఎఫ్ చాలు, హెచ్ కోసం ఖర్చు పెట్టనక్కరలేదు. క్లాస్ హెచ్ అని చెప్పి 125 డిగ్రీల రైజ్ ఇస్తే, పెద్ద అక్షరం వచ్చిందే గాని మిగులు రాలేదని గుర్తించు.

మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్లు ఉంటే హార్మోనిక్స్ (కరెంటులో కలిసే అధిక పౌనఃపున్య తరంగాలు) వల్ల వేడి పెరుగుతుంది. స్థలం సముద్రమట్టానికి 1000 మీటర్లు దాటితే గాలి పలచబడి చల్లదనం తగ్గుతుంది. రెండూ తయారీదారుకు ముందే రాసి ఇవ్వాలి.

ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ లెక్క వేరు. అక్కడ బలహీనమైనది తీగకు ఇన్సులేషన్‌గా చుట్టే కాగితం. మామూలు క్రాఫ్ట్ పేపర్‌కు హాట్‌స్పాట్ 98 దాటాక ప్రతి 6 డిగ్రీలకూ పాతబడే వేగం రెట్టింపవుతుంది.

ఆర్డర్‌లో క్లాస్, రైజ్ రెండూ విడివిడిగా రాయించి, టెంపరేచర్ రైజ్ టెస్ట్ రిపోర్ట్ కూడా అడుగు. గది కొలతలు, లోడ్ వివరాలు పంపితే లెక్క నేనూ ఒకసారి చూస్తాను.