లినక్స్ 5.10 కెర్నెల్‌కి మారాక మా క్యారెక్టర్ డ్రైవర్ (డివైస్‌ని ఫైల్‌లా చదవనిచ్చే, రాయనిచ్చే డ్రైవర్) మీద కెర్నెల్_రైట్ (కెర్నెల్ లోపలి నుంచే రాసే ఫంక్షన్) పిలిస్తే ఈఇన్వాల్ (చెల్లని ఆర్గ్యుమెంట్ అనే ఎర్రర్) వస్తోంది. పాత రైట్ ఫంక్షన్‌ని రైట్_ఇటర్‌గా (బఫర్‌కి బదులు ఇటరేటర్‌ని తీసుకునే రూపం) మార్చడమేనా?

అవును, మార్చాల్సిందే. కాకపోతే పేరు మార్చి సరిపెట్టుకునే పని కాదిది.

ముందు కారణం. కెర్నెల్ లోపలి బఫర్‌ని డ్రైవర్ రైట్‌కి పంపాలంటే, ఇదివరకు సెట్_ఎఫ్ఎస్‌తో అడ్రస్ తనిఖీని (ఆ అడ్రస్ యూజర్ మెమరీదేనా అని చూడడం) కాసేపు సడలించేవాళ్లు. ఎర్రర్ దారిలో దాన్ని మళ్లీ బిగించడం మర్చిపోతే, మామూలు యూజర్ ప్రోగ్రాం కూడా కెర్నెల్ మెమరీలో రాసేయగలదు. 2020లో కెర్నెల్ డెవలపర్ క్రిస్టఫ్ హెల్విగ్ ప్యాచ్‌లతో ఆ దారి మూసేశారు. ఇప్పుడు కెర్నెల్_రైట్‌కి రైట్_ఇటర్ ఒక్కటే కావాలి. పాత రైట్‌ని కూడా పక్కన ఉంచితే ఈఇన్వాల్ అలాగే వస్తుంది, కాబట్టి తీసేయండి.

నేను ఇలాంటి డ్రైవర్‌నే మార్చినప్పుడు రెండుచోట్ల దెబ్బ తిన్నాను.

మొదటిది మొదటి టెస్ట్‌లోనే బయటపడింది. పాత రైట్‌లో యూజర్ డేటాని కాపీ చేసే కాపీ_ఫ్రమ్_యూజర్ తిరిగిచ్చేది కాపీ కాకుండా మిగిలిపోయిన బైట్ల సంఖ్య, అంటే సున్నా వస్తే అంతా బాగున్నట్టు. రైట్_ఇటర్‌లో దాని బదులు వాడే కాపీ_ఫ్రమ్_ఇటర్ తిరిగిచ్చేది కాపీ అయిన బైట్ల సంఖ్య. పాత ఇఫ్ కండిషన్‌ని అలాగే ఉంచి ఫంక్షన్ పేరు మాత్రం మార్చాను. సరిగ్గా జరిగిన ప్రతి రైటూ ఈఫాల్ట్ (చెల్లని అడ్రస్ అనే ఎర్రర్) ఇచ్చింది. మొత్తం వస్తేనే కావాలి అనుకునేచోట కాపీ_ఫ్రమ్_ఇటర్_ఫుల్ వాడండి, కండిషన్ చదవడానికీ తేలిక.

రెండోదానికి మాత్రం రెండు రోజులు పట్టింది. మా డ్రైవర్‌లో ఒక్కో రికార్డు 64 బైట్లు, పొడవు సరిగ్గా 64 కాకపోతే వెనక్కి పంపేస్తుంది. ఒక యూజర్ ప్రోగ్రాం మూడు రికార్డుల్ని ఒకే రైట్‌వీతో (చాలా బఫర్లని ఒకే కాల్‌లో రాసేది) పంపేది. పాత పద్ధతిలో కెర్నెల్ ఒక్కో ముక్కకీ మన రైట్‌ని విడిగా పిలిచేది, మూడుసార్లూ 64 వచ్చేది. రైట్_ఇటర్‌కి మొత్తం ఒకేసారి వస్తుంది, అంటే 192. నా టెస్టులన్నీ మామూలు రైట్‌తోనే రాసుకున్నాను, అందుకే అన్నీ పాసయ్యాయి, అసలు వాడకంలో ఆగిపోయింది. చివరికి ఐఓవీ_ఇటర్_కౌంట్ (ఇంకా మిగిలిన బైట్ల సంఖ్య) 64 కంటే తగ్గేదాకా లూప్ పెట్టి, ఒక్కో రికార్డు తీసుకునేలా రాశాను. మధ్యలో క్యూ నిండిపోతే, అప్పటిదాకా తీసుకున్న బైట్లనే తిరిగివ్వాలి, ఎర్రర్ కాదు. లేదంటే ప్రోగ్రాం మొదటి రికార్డుల్ని మళ్లీ పంపుతుంది, డేటా రెండుసార్లు పడుతుంది. అందుకే మీ టెస్టుల్లో రైట్‌వీ తప్పకుండా పెట్టండి.

మిగతావి చిన్నవే. ఆఫ్‌సెట్ (ఫైల్‌లో ఎక్కడ రాయాలో చెప్పేది) ఇప్పుడు రైట్_ఇటర్‌కి వచ్చే కేఐఓసీబీ స్ట్రక్చర్‌లోని కేఐ_పాస్‌లో ఉంటుంది. నాన్‌బ్లాక్ (ఆగకుండా వెంటనే తిరిగిరావడం) కోసం ఫైల్ ఫ్లాగ్‌తో పాటు, అదే స్ట్రక్చర్‌లో వచ్చే ఐఓసీబీ_నోవెయిట్ కూడా చూడండి. ఈ డివైస్‌లోకి ఎవరైనా సెండ్‌ఫైల్ (ఒక ఫైల్ నుంచి ఇంకోదానికి డేటాని కెర్నెల్‌లోనే పంపే కాల్) వాడుతుంటే, డ్రైవర్ ఫంక్షన్ల పట్టికలో స్ప్లైస్_రైట్ దగ్గర ఇటర్_ఫైల్_స్ప్లైస్_రైట్ పెట్టండి. అదే 5.10లో దాని డిఫాల్ట్ దారి కూడా తీసేశారు, పెట్టకపోతే అక్కడా ఇదే ఈఇన్వాల్ వస్తుంది.