అలంకారం పేరు ఆఖరున

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

సాహిత్య పరిభాష ఎంత చదివినా కలగాపులగమవుతోందని, ముఖ్యంగా ఉపమకూ ఉత్ప్రేక్షకూ తేడా పట్టుబడడం లేదని నీవు రాసిన ఉత్తరం అందింది. నిర్వచనాలను వల్లె వేయడంతో మొదలుపెట్టినందువల్లే ఈ చిక్కు వచ్చిందని నా అనుమానం. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పినవి ఉపమ, రూపకం, దీపకం, యమకం అనే 4 అలంకారాలే. అప్పయ్య దీక్షితుల అలంకార గ్రంథం కువలయానందం నాటికి అవి 100 దాటాయి. వాక్యంలో ఏం జరుగుతున్నదో ముందు చూడు, పేరు తర్వాత వెతుక్కోవచ్చు.

ఒక మబ్బును తీసుకుందాం. "మబ్బు ఏనుగులా నల్లగా ఉంది" అన్నవాడికి రెండూ వేరువేరన్న ఎరుక పూర్తిగా ఉంది. మబ్బు ఉపమేయం, ఏనుగు ఉపమానం, నలుపు సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కనుక ఇది పూర్ణోపమ. 'నల్లగా' అన్న మాట తీసేస్తే లుప్తోపమ అవుతుంది, పోలిక రంగులోనా, ఆకారంలోనా, నడకలోనా అన్నది పాఠకుడే తేల్చుకోవాలి. "ఆ మబ్బు చెరువులో నీళ్లు తాగడానికి వంగిన ఏనుగేమో" అన్నప్పుడు ఎరుక కొంచెం సడలి ఊహ బయలుదేరింది, అది ఉత్ప్రేక్ష. "మబ్బు అనే ఏనుగు ఘీంకరించింది" అంటే భేదం చెరిగిపోయి రూపకమైంది. మబ్బు ఊసే ఎత్తకుండా "ఆకాశంలో ఏనుగులు కదులుతున్నాయి" అంటే రూపకాతిశయోక్తి. 'లా' కనిపించగానే ఉపమ అని గీత గీయకు. "వాన పడేలా ఉంది" అన్నదానిలో పోలికే లేదు.

శబ్దాలంకారాలకు చెవి చాలు, పైకి చదివితే ఒకే అక్షరం మళ్లీ మళ్లీ మోగే అనుప్రాస తానే దొరుకుతుంది. తికమక పెట్టేవి యమకమూ లాటానుప్రాసా: యమకంలో మళ్లీ వచ్చిన అక్షరాలకు అర్థం మారుతుంది, "ఆపదలో ఆదుకున్న చేయి చేయి" వంటి లాటానుప్రాసలో అర్థం అదే, తాత్పర్యం మాత్రం మారి రెండో 'చేయి' చేయి అనిపించుకోదగినదవుతుంది.

'వ్యంగ్యం' దగ్గర మాత్రం నిదానించు, ఎందుకంటే ఆ మాటకు నేడు రెండు బతుకులున్నాయి. విమర్శ వ్యాసాల్లో అది ఎత్తిపొడుపు. అలంకారశాస్త్రంలో మాత్రం వ్యంజన వల్ల, అంటే నేరుగా చెప్పనిదాన్ని సూచించే మాటశక్తి వల్ల, స్ఫురించే అర్థం. "సూర్యుడు అస్తమించాడు" అన్న పాత ఉదాహరణే చూడు: పశువుల కాపరికి మందను ఇంటికి తోలమని, దొంగకు వేళయిందని, ఎదురుచూసే స్త్రీకి ప్రియుడింకా రాలేదని తోస్తుంది. ఈ మూడింటిలో ఏదీ ఆ మాటల్లో లేదు. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్న ధ్వని ఇటువంటిదే. ఏ పుస్తకంలోనైనా ఈ మాట ఎదురైతే, రచయిత ఏ అర్థంలో వాడుతున్నాడో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లు.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక పద్యం కింద "ఇందులో ఉత్ప్రేక్ష కలదు" అని రాసి గర్వపడ్డాను. మా ఉపాధ్యాయుడు అంచున ఎర్రసిరాతో "అయితే?" అని ఒక్క మాట రాశారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ఆ ఊహను తీసేసి మామూలు మాటలో చెప్పి, పద్యం ఏం పోగొట్టుకున్నదో చూడాలి. నీకు నచ్చిన ఒక పద్యంలో ఒక్క పోలికను అలా తీసి చూసి, పోయినదేమిటో వచ్చే ఉత్తరంలో నాకు రాయి. అలంకారం పేరు రాయకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
మామయ్య