డిజేబిలిటీ పింఛను, ఆపరేషన్ పరాక్రమ్ పతకం: హవల్దార్ గారికి సమాధానం

హవల్దార్ గారూ, నమస్తే. 2012లో సైన్యం నుంచి రిటైరయ్యేటప్పుడు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు మీ బీపీకి 30 శాతం వైకల్యం వేసి, 'సర్వీసుకు సంబంధం లేదు' అని రాసి డిజేబిలిటీ (వైకల్య) పింఛను తిరస్కరించిందనీ, 2001-02 సరిహద్దు మోహరింపైన ఆపరేషన్ పరాక్రమ్ పతకమూ రాలేదనీ రాశారు. ఇప్పుడు ఆలస్యమైపోయిందా అన్నారు. కాలేదు, వదలకండి.

ముందుగా మీ సర్వీసు పత్రాలుండే సైన్యం రికార్డ్స్ ఆఫీసుకు ఆర్టీఐ దరఖాస్తు పెట్టి, మెడికల్ బోర్డు పత్రాలు, చేరినప్పటి వైద్య పరీక్ష పత్రం తెప్పించుకోండి. మీ కేసు బలమంతా ఆ రెండో కాగితంలోనే ఉంది. చేరేటప్పుడు జబ్బు నమోదు కాకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్లనే అని భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదనాలంటే బోర్డు కారణాలు రాయాలి. ఒక్క వాక్యంతో కొట్టేస్తే చెల్లదు.

తర్వాత తిరస్కరణపై సైన్యానికే అప్పీలు వేయండి. గడువు ఆరు నెలలే కాబట్టి ఆలస్యానికి కారణం వివరంగా రాయండి. అక్కడ కుదరకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ ఉంది. పింఛను నెలనెలా రావలసిన హక్కు కనుక జాప్యం ఒక్కటే అడ్డు కాదు. కాకపోతే బకాయిలు సాధారణంగా దరఖాస్తుకు ముందు మూడేళ్లకే ఇస్తారు. అందుకే ఇంకో నెల కూడా పోనివ్వకండి. గెలిస్తే 30 శాతాన్ని 50గా లెక్కిస్తారు, 2014 నాటి సుప్రీంకోర్టు రామ్ అవతార్ తీర్పు మీలా సర్వీసు పూర్తిచేసినవారికీ వర్తిస్తుంది.

పతకం సంగతి వేరు, దీనితో కలపకండి. డిశ్చార్జ్ బుక్‌లో పతకాల పేజీ, 2001-02లో మీ యూనిట్ మోహరింపు వివరాలు జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్‌కు రాయండి. రెండూ మీకు హక్కుగా రావలసినవే.