జావ్ పెడితే ఏం చేయాలి?

ప్రశ్న: భూటాన్ వెళ్తున్నాం. అక్కడ అతిథులకు టీతో పాటు బొరుగులు ఇస్తారట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నిజమేనమ్మా. వాటి పేరు ‘జావ్’. మన జావతో చుట్టరికం లేదు! నానబెట్టిన బియ్యాన్ని బాణలిలో కలుపుతూ వేయిస్తారు. మన మరమరాల్లా నోట్లో కరగవు, పంటికింద కరకరమంటాయి. వెదురుతో అల్లిన ‘బంగ్‌చుంగ్’ బుట్టలో పోసి ముందుంచుతారు. తోడుగా ‘సుజా’, అంటే వెన్నా ఉప్పూ వేసి చిలికిన టీ. తియ్యగా ఉంటుందనుకుని పెద్ద గుక్క వేసి కంగుతిన్నాను. పక్కనున్న పెద్దావిడ గుప్పెడు జావ్ తన కప్పులోనే పోసుకుంది. నేనూ పోసుకున్నాను. అప్పుడు తెలిసింది అసలు రుచి.

ఇవ్వగానే చేయి చాచకండి. నోటికి చేయి అడ్డుపెట్టి ‘మెషు మెషు’ అని మొదట వద్దనడం అక్కడి మర్యాద. మనం ‘ఇప్పుడే తిని వచ్చామండీ’ అనమూ, అలాగే. మళ్లీ అడిగినప్పుడు తీసుకోండి.