కుందేలు బొచ్చు రాలితే జబ్బేనా?

ప్రశ్న: మా రెండేళ్ల ఆడ కుందేలును దీపావళి దాటినప్పటినుంచి నిమిరితే చాలు, గుప్పెడు బొచ్చు చేతికి వస్తోంది. వీపు మీద అక్కడక్కడ పలచబడింది. షాంపూతో స్నానం చేయించమంటున్నారు. చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: స్నానం మాత్రం వద్దండి. తడిసిన కుందేలు ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, పైగా ఆ బెదురే దాని ప్రాణం మీదికి రావచ్చు. పాము కుబుసం విడిచినట్టు కుందేలు కూడా ఏడాదిలో కొన్నిసార్లు బొచ్చు మార్చుకుంటుంది. ఎండలు ముదిరే ముందు, చలి మొదలయ్యే వేళ ఇది ఎక్కువగా ఉండి, కొన్ని వారాలపాటు సాగుతుంది. పలచబడిన చోట వెంట్రుకలను పాయదీసి చూడండి. అడుగున పొట్టిగా, మెత్తగా కొత్త బొచ్చు కనిపిస్తే దిగులు అక్కర్లేదు. అలా కాక చర్మం ఎర్రబడినా, మెడ వెనుక చుండ్రులాంటి పొట్టు రాలుతున్నా, చెవుల అంచుల్లో పక్కు కట్టినా పశువైద్యునికి చూపించాలి. కుక్కల పిడుదులకు వాడే మందు మాత్రం సొంతంగా రాయకండి. అలాంటి మందుల్లో ఉండే ఫిప్రోనిల్ కుందేళ్లకు ప్రమాదకరం. మీది ఆడ కుందేలు కనుక మరో మాట: గడ్డం కింది బొచ్చును తానే నోటితో పీక్కుని గడ్డితో కలిపి మూలకు చేరుస్తుంటే అది గూడు కట్టుకుంటోందన్న మాట. మగ కుందేలు లేని ఇంట్లోనూ ఉత్తుత్తి చూలు వల్ల ఇలా జరుగుతుంది.

నేల మీది బొచ్చును చీపురుతో ఊడ్చేయవచ్చు. ఒళ్లు నాక్కుంటూ అది మింగే బొచ్చుతోనే చిక్కు. కుందేలుకు వాంతి రాదు, మింగినదంతా పేగుల గుండానే పోవాలి. అందుకు పీచు కావాలి కాబట్టి కారెట్లతోనూ పెల్లెట్లతోనూ సరిపెట్టకుండా ఎండుగడ్డి రోజంతా అందుబాటులో ఉంచి, మందు చల్లని చోట కోసిన గరిక, నిండుగా నీళ్లు ఇవ్వండి. రోజూ పది నిమిషాలు ఒళ్లో తువాలు పరచి కూర్చోబెట్టుకుని, కొద్దిగా తడిచేసిన అరచేతులతో మెడ నుంచి తోక వైపు నిమిరితే ఊడిన బొచ్చు చేతులకే అంటుకుంటుంది. ఆ తరువాత రబ్బరు పళ్ల బ్రష్ వాడండి. చర్మం చాలా పలుచన, చిక్కును లాగితే చిరుగుతుంది.

పెంటికలను రోజూ గమనించండి. వెంట్రుకతో గుచ్చిన పూసల దండలా వస్తుంటే గడ్డి, దువ్వడం రెండూ పెంచాలి. అవి చిన్నవై ఆగిపోయినా, పది పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా తెల్లవారేదాకా చూడకుండా వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి.