మాండరిన్ చేప కోసం ఇంట్లో కోపెపాడ్లు పెంచడం కుదురుతుందా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది, మాండరిన్ చేప (రాళ్ళ మీద చిన్న జీవుల్ని ఏరుకు తినే రంగురంగుల సముద్రపు చేప) తేవాలని ఉంది, దానికి తిండిగా వేసే కోపెపాడ్ల (రొయ్యల జాతికి దగ్గరైన అతి చిన్న నీటి జీవుల) సీసాలు మాటిమాటికీ కొనడం భారంగా ఉంది. ఇంట్లోనే పెంచుకోవచ్చా, విశాఖ నుంచి సముద్రపు నీళ్ళు తెప్పించుకుంటే పనికొస్తాయా, ఇంత గొడవ ఎందుకు, ఆర్టీమియా (గుడ్లు పొదిగించి చేపలకు వేసే ఉప్పునీటి చిన్న జీవులు) వేస్తే సరిపోదా?

పెంచుకోవచ్చు. నేను విశాఖలో కొన్నేళ్ళుగా పెంచుతున్నాను. కానీ ప్లాస్టిక్ క్యాన్‌లో పెంచినవాటితోనే మాండరిన్ కడుపు నింపేద్దామని అనుకుంటుంటే మాత్రం ఆ ఆలోచన ఇప్పుడే మానుకోండి. అది పూటకోసారి తినే చేప కాదు. లైట్లు వెలిగిన దగ్గర్నుంచి ఆరేదాకా రాళ్ళ మీద తచ్చాడుతూ, కొన్ని సెకన్లకోసారి ఏదో ఒకటి ఏరుకుంటూనే ఉంటుంది. వారానికోసారి మీరు పోసే ఒక గ్లాసుడు కోపెపాడ్లు దానికి ఏ మూలకూ రావు. అందుకే నా లెక్కలో క్యాన్ నారుమడి, ట్యాంకు పొలం. క్యాన్‌లో పెరిగినవి ట్యాంకులోకి వెళ్ళి రాళ్ళ సందుల్లో, రెఫ్యూజియంలోని (ట్యాంకుకు కలిపి, చేపలు రాకుండా వేరుగా ఉంచే అర) కీటోమార్ఫా నాచులో గుడ్లు పెట్టి సంతానాన్ని పెంచాలి. చేప తినాల్సింది ఆ సంతానాన్ని.

కాబట్టి రెఫ్యూజియం లేని 200 లీటర్ల ట్యాంకులో మాండరిన్ వద్దనే నేను చెబుతాను. రాళ్ళు దండిగా ఉండాలి, ట్యాంకు వయసు కనీసం ఆరు నెలలు దాటాలి. సిక్స్‌లైన్ రాస్ లాంటి చేప ముందే ఉంటే అదీ ఇదే తిండి కోసం రాళ్ళన్నీ గాలిస్తుంది. అప్పుడు మీరెన్ని పోసినా పోటీ తప్పదు.

ఇక ఏ రకం పెంచాలి అన్నది. సీసాల మీద సాధారణంగా కనిపించే పేర్లు టైగ్రియోపస్, టిస్బీ, అపోసైక్లాప్స్. టైగ్రియోపస్ ఎర్రగా, కాస్త పెద్దగా, మిల్లీమీటరు దాటి ఉంటుంది. మామూలు కంటికే కనిపిస్తుంది, నీళ్ళలో కుదుపుకుంటూ ఈదుతుంది, మగది ఆడదాన్ని పట్టుకుని జంటగా తిరగడం కూడా చూడొచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఈదే రకం కావడంతో ట్యాంకులో పోయగానే చేపల నోట్లో పడుతుంది. టిస్బీ చిన్నది, తెల్లగా ఉంటుంది, గాజును, రాయిని అంటిపెట్టుకుని పాకుతుంది. రాళ్ళ మీద ఏరుకునే మాండరిన్‌కు కావాల్సింది ఇదే, పైగా వెచ్చటి నీళ్ళలో రెండు వారాల లోపే ఒక తరం పూర్తవుతుంది. అపోసైక్లాప్స్ మొండిది, ఉప్పదనం, వేడి అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. మన వాతావరణంలో మొదటిసారి పెంచేవాళ్ళు టిస్బీతో పాటు దీన్ని వేరే క్యాన్‌లో పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. రెండింటినీ గుర్తుపట్టడానికి భూతద్దం చాలు: అపోసైక్లాప్స్ ఆడదానికి తోకకు అటూ ఇటూ రెండు గుడ్ల సంచులు వేలాడుతుంటాయి, టిస్బీకి ఒకటే. పార్వోకలానస్ అని ఇంకొకటి ఉంది, దాని పిల్లలు మరీ సూక్ష్మం. అది చేపలతో గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచేవాళ్ళకు. మీకు అక్కర్లేదు.

అసలు పని కోపెపాడ్లను పెంచడం కాదు, వాటికి తిండైన ఆల్గేను, అంటే నీళ్ళను పచ్చబరిచే సూక్ష్మ నాచును పెంచడం. ఆకుపచ్చ నీళ్ళు బాగుంటే కోపెపాడ్లు వాటంతటవే పెరుగుతాయి. మా తీరంలో రొయ్యల హేచరీలు (గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రాలు) ఉండడం నాకు కలిసొచ్చింది. రొయ్య పిల్లలకు మొదటి తిండి కీటోసెరాస్, థలాసియోసిరా లాంటి డయాటమ్‌లే (గాజులాంటి పెంకుండే ఆల్గే) కాబట్టి హేచరీలో ఆల్గే ల్యాబ్ ఒకటి నడుస్తూ ఉంటుంది. నాకు మొదటి స్టాక్ ఇచ్చింది అలాంటి ల్యాబ్‌లో పనిచేసే ఒకాయనే. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా భీమిలి వైపో, నెల్లూరు వైపో హేచరీల్లో ఉంటే మొహమాటపడకుండా అడగండి. లేదంటే నానోక్లోరోప్సిస్ అనే ఆల్గే దొరుకుతుంది, పెంచడానికి అన్నిటికన్నా తేలిక. దాంట్లో ఈపీఏ అనే కొవ్వు ఆమ్లం బాగా ఉంటుంది గానీ డీహెచ్ఏ అనే ఇంకో కొవ్వు ఆమ్లం దాదాపు ఉండదు. ఐసోక్రైసిస్ అనే ఇంకో ఆల్గేలో డీహెచ్ఏ ఉంటుంది, కానీ వేడెక్కినా, ఇంకేదైనా నీళ్ళలో కలిసినా త్వరగా చెడుతుంది. రెండూ కలిపి వేయగలిగితే మంచిది. ముందు నానోతో చేయి తిరగనివ్వండి.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు, రోజుకు 16 గంటలు తెల్లటి ఎల్ఈడీ ట్యూబులైటు, అడుగుదాకా దిగే గాలి గొట్టం, ఆల్గే కోసం అమ్మే ఎఫ్/2 అనే పోషక ద్రావణం. ఇంతే సామాను. నీళ్ళు ముదురు ఆకుపచ్చకు వచ్చాక సగం తీసి వాడుకుని, మిగతా సగానికి కొత్త ఉప్పునీళ్ళు, పోషకం కలిపి మళ్ళీ మొదలుపెట్టడమే. డయాటమ్‌లు పెంచితే సిలికేట్ కూడా కలపాలి, వాటి పెంకు దాంతోనే తయారవుతుంది. కుండీ మొక్కల ఎరువు వేస్తే పచ్చబడదా అని చాలామంది అడుగుతారు. పచ్చబడుతుంది. కానీ అందులో అమ్మోనియా, రాగి ఎంత ఉన్నాయో మీకు తెలియదు. కోపెపాడ్లు రొయ్యల చుట్టాలు, రాగి వాటికి విషం. అదే కారణంగా, చేపలకు వచ్చే తెల్లమచ్చల జబ్బుకు రాగి మందు వాడిన ట్యాంకు నీళ్ళు గానీ, ఆ బకెట్ గానీ ఈ పనికి ముట్టుకోవద్దు.

కోపెపాడ్లకు 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్ చాలు, మొదట్లో పది లీటర్లు నింపితే బాగుంటుంది. ఆక్వేరియం ఉప్పు కలపడానికి ఇంటి ఆర్‌ఓ నీళ్ళు వాడొచ్చు, అయితే చాలా ఇళ్ళ ఆర్‌ఓల్లో రుచి కోసం పచ్చి నీళ్ళు కొంచెం కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. దాన్ని మూసేయించండి. సాంద్రత 1.020 నుంచి 1.025 మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు, రోజుకో తీరుగా మారకూడదు, అంతే. క్యాన్ మీద మార్కర్‌తో గీత పెట్టుకుని ఆవిరైన మేరకు ఉప్పు లేని నీళ్ళు పోస్తూ ఉండండి. గాలి గొట్టం చివర ఎయిర్‌స్టోన్ (గాలిని సన్నటి బుడగలుగా విడగొట్టే రాయి) పెట్టొద్దు. సన్నటి బుడగలకు నాప్లియస్‌లు, అంటే గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు, అంటుకుని పైకి తేలిపోతాయి. ఉత్త గొట్టం నుంచి సెకనుకు ఒకటి రెండు పెద్ద బుడగలు వస్తే చాలు. ఇంత మెల్లటి గాలి కాబట్టి కాసేపు కరెంటు పోయినా టెన్షన్ పడక్కర్లేదు.

తిండి విషయంలో ఎక్కువ వేయడమే ప్రమాదం. క్యాన్ వెనక చెయ్యి పెట్టి చూడండి. వేళ్ళు మసకగా, లేత ఆకుపచ్చలో కనిపిస్తే సరిపోయినట్టు. నీళ్ళు తేటపడ్డాక మళ్ళీ పోయండి. బతికున్న ఆల్గే కొంచెం ఎక్కువైనా అమ్మోనియాను అదే కొంత పీల్చుకుంటుంది కాబట్టి తట్టుకోవచ్చు. ఈస్ట్, స్పైరులినా పొడి అలా కాదు, మిగిలింది కుళ్ళుతుంది. పొడి తప్పనిసరైతే చాకు మొనకు అంటినంత నీళ్ళలో బాగా కలిపి వేయండి. మా అమ్మ దృష్టిలో ఇదంతా మురుగునీళ్ళు పెంచడమే, కానీ వాసన నిజంగా మురుగులా వచ్చిందంటే కల్చర్, అంటే పెంచుతున్న కోపెపాడ్లు, పోతున్నట్టే. అప్పుడు వడకట్టి కొత్త నీళ్ళలోకి మార్చేయాలి.

హైదరాబాద్ ఎండాకాలం మీకు అసలు పరీక్ష. ట్యాంకుకు చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) ఉండొచ్చు, గదిలో మూలన పెట్టిన క్యాన్‌కు ఎవరు పెడతారు? నీళ్ళు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే హాయి. అంతకన్నా వేడెక్కేకొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, తిండి త్వరగా కుళ్ళుతుంది, రెండూ ఒకేసారి మీద పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో క్యాన్‌ను ఏసీ గదిలోకి మార్చడం అన్నిటికన్నా సులువు. ఇంట్లో ఒప్పుకోకపోతే వెడల్పాటి టబ్‌లో నీళ్ళు పోసి క్యాన్‌ను అందులో నిలబెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి ఫ్యాన్ వేయండి, కొన్ని డిగ్రీలు దిగుతుంది. ఆ రోజుల్లో తిండి కూడా సగానికి తగ్గించాలి.

ఇంకో శత్రువు రోటిఫర్లు, ఇవీ ఆల్గేనే తినే ఇంకో రకం సూక్ష్మజీవులు. ఎలాగో ఒకలా వచ్చేస్తాయి, కోపెపాడ్ల కన్నా వేగంగా పెరిగి తిండంతా ఊడ్చేస్తాయి. ఆకుపచ్చ నీళ్ళు పోసిన మర్నాటికే తేటపడి, కోపెపాడ్లు మాత్రం పెరగకపోతే అనుమానించాల్సింది వీటినే. హేచరీల్లో వాడే బోల్టింగ్ క్లాత్‌ను (సన్నటి రంధ్రాల జల్లెడ గుడ్డ) పీవీసీ పైపు ముక్కకు అతికించి జల్లెడలు చేసుకోండి. 150 మైక్రాన్ల దాని మీద పెద్ద కోపెపాడ్లు ఆగుతాయి, రోటిఫర్లలో ఎక్కువ భాగం జారిపోతాయి. ఆగినవాటిని ఉప్పునీళ్ళతో బాగా కడిగి కొత్త క్యాన్‌లో వేయాలి. ఆల్గే సీసాల దగ్గరికి కోపెపాడ్ల గొట్టం, గరాటె, తడి చెయ్యి ఏదీ వెళ్ళకూడదు. ముందు ఆల్గే పని, తర్వాతే కోపెపాడ్ల పని. ఎప్పుడూ రెండు క్యాన్లు, వీలైతే వేరే వేరే గదుల్లో ఉంచండి.

తీసేటప్పుడు వారానికి పాతిక శాతం నీళ్ళకు మించి తీయొద్దు. టిస్బీ అడుగునే ఎక్కువ ఉంటుంది కాబట్టి సన్న గొట్టంతో అడుగు నుంచి, గోడల నుంచి లాగండి. ఆ నీళ్ళు నేరుగా ట్యాంకులో పోయకుండా జల్లెడ పట్టి, కడిగి వేయండి, లేకపోతే దాని నైట్రేట్, ఫాస్ఫేట్ అంతా మీ ట్యాంకులోకే. లైట్లు ఆరాక, నీళ్ళు తిప్పే రిటర్న్ పంపు, మురికిని నురగగా లాగే స్కిమ్మర్ ఆపి, సగం రాళ్ళ అడుగున, సగం రెఫ్యూజియంలో గొట్టంతో దింపండి. అరగంట తర్వాత పంపులు వేయొచ్చు. రాత్రి టార్చి వేసి చూస్తే గాజు మీద తెల్లటి చుక్కలు పాకుతూ కనిపించాలి. ఎక్కడ చూసినా అవి కనిపించే దాకా చేపను కొనొద్దు. కొనేటప్పుడు కూడా పొట్ట లోపలికి పోయిన మాండరిన్‌ను జాలిపడి తెచ్చుకోవద్దు, అది కోలుకోవడం చాలా కష్టం.

సముద్రపు నీళ్ళ గురించి: విశాఖలో ఉన్న నేనే వాడను. వానలు, వరదల తర్వాత నదుల నీళ్ళు కలిసి బంగాళాఖాతం తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది, పైగా నగరం ఒడ్డున నీళ్ళలో ఏమేం కలుస్తాయో చెప్పలేం. హైదరాబాద్ దాకా మోయించే ఖర్చుకు ఆక్వేరియం ఉప్పు ప్యాకెట్టే నయం. ఎవరైనా సముద్రపు రాళ్ళు కూడా పంపిస్తామంటే తీసుకోవద్దు, వాటిలో పగడాలు ఉండొచ్చు. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి.

ఆర్టీమియా వేస్తే మాండరిన్ తింటుంది, అందులో సందేహం లేదు. అప్పుడే పొదిగిన ఆర్టీమియాలో డీహెచ్ఏ దాదాపు ఉండదు, ఉన్న పోషణ కూడా గంటలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. రాళ్ళలో కాపురం పెట్టదు, నీళ్ళలో తేలుతూ ఫిల్టర్‌లోకి పోతుంది. కొత్తగా తెచ్చిన చేపను చిన్న డబ్బాలో వేరుగా ఉంచి వారం పది రోజులు కండ పట్టించడానికైతే బాగా పనికొస్తుంది, అదీ ఎన్‌రిచ్‌మెంట్ ద్రావణంలో (పోషణ పెంచే ద్రావణం) ఉంచి తీసిన ఆర్టీమియా అయితే. ఆ తర్వాత అది రాళ్ళ మీద ఏరుకుని బతకాల్సిందే.