కొడుకు చేతిలో 300, తల్లి ఖాతాలో లక్షా 14 వేలు

ప్రశ్న: సార్, మాది గుంతకల్లు. మా అబ్బాయి అనంతపురంలో బీటెక్ పోయినేడు మేలో పూర్తి చేసినాడు. చదివేటప్పుడే మార్మన్ చర్చిలో (అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ) చేరి, బెంగళూరులో కొన్ని నెలలు ఉద్యోగం చేసి, ఐదు నెలల కింద రెండేళ్ళ మిషన్ సేవకి (చర్చి పంపిన ఊళ్ళో ఉండి మతప్రచారం) పోయినాడు. పోయిన వారం కోయంబత్తూరుకి మార్చినారు. సోమవారం ఫోన్ చేసి అరవం రాదు, ఆటోవాళ్ళు ఎక్కువ గుంజుతున్నారు, చేతిలో 300 మాత్రమే ఉంది అన్నాడు. వాడి కోసం నెలనెలా 6,000 చర్చికి కడుతున్నాం. దానికని నా గొలుసు ప్రైవేటు ఫైనాన్సులో పెట్టి 24 నెలలకీ సరిపోయేలా 1,44,000 ఒకేసారి తెచ్చి బ్యాంకులో వేసినాను. వడ్డీ నూటికి రూపాయిన్నర. మా ఆయన జీతం 18,000, నా కుట్టుపనికి 7,000 వస్తుంది. పాప ఇంటర్ ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 17,000, చీటీ 2,000 (మొత్తం 40,000 చీటీ, ఇంకా ఏడు నెలలుంది). ఎడ్యుకేషన్ లోన్ 3.4 లక్షలు తీసుకున్నాం, వడ్డీతో ఇప్పుడు 4.6 లక్షలైందట, జూన్ నుంచి నెలకి 4,940 కట్టాలని బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆయన వాడి పేరెత్తితేనే మండిపడుతున్నాడు. ఆయనకి తెలియకుండా వాడికి 5,000 ఫోన్‌పే చేయమంటారా?

జవాబు: వద్దమ్మా. మీ ఆయనకి తెలిసి కూడా 5,000 వద్దు. అసలు ఫోన్‌పే చేస్తే డబ్బు వాడి ఖాతాలో పడుతుంది సరే, వాడు తీసేది ఎట్లా? మిషన్‌లో ఉన్నన్నాళ్ళూ సొంత ఫోన్ వాడుతుండకపోవచ్చు, సొంత సిమ్ ఇంట్లోనే పెట్టిపోయి ఉంటాడు. డెబిట్ కార్డు వెంట ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే ఒక 1,000 వేసి, జ్వరమొచ్చినా చెప్పు తెగినా వాడుకో, తిండికి మాత్రం దీని జోలికి పోవద్దు అని చెప్పండి.

మీరు కట్టే 6,000 నేరుగా మీ అబ్బాయి చేతికి పోదు. ఈ చర్చిలో మిషన్‌కి పోయినవాళ్ళకి జీతం ఉండదు, ఖర్చు వాళ్ళదీ, వాళ్ళ ఇంటివాళ్ళదీనే. ముందర ఎవరి ఊరి ఖర్చు వాళ్ళు పెట్టుకునేవారు, దాంతో ఖరీదైన ఊరికి పంపిన పిల్లాడి ఇంటివాళ్ళు నలిగిపోయేవారు. 1991 నుంచి దాన్ని సమానం చేసి, ఒక దేశం నుంచి పోయేవాళ్ళంతా ఎక్కడ పనిచేసినా ఒకే మొత్తం కట్టేలా పెట్టారు (అమెరికా, కెనడా లాంటి చోట్ల నెలకి 400 డాలర్లు ఉండేది, 2020 జులైలో 500 చేశారు, మిగతా దేశాల్లో వేరే లెక్క). అందరి డబ్బూ ఒక చోట చేరుతుంది, అందులోంచే గది అద్దె పోతుంది, తిండికీ బస్సు చార్జీలకీ నెలకోసారి కార్డులో పడుతుంది. నెల మధ్యలో ఊరు మారితే మొదటి వారం చేతిలో డబ్బు ఆడకపోవడం మామూలే. బకెట్, దుప్పటి, దారి తెలియక ఎక్కిన ఆటో, వంట మొదలుపెట్టేలోపు హోటల్లో నాలుగు పూటలు, ఇవన్నీ ఆ వారంలోనే వచ్చి పడతాయి. బెంగళూరులో అయితే కన్నడం మనకి బళ్ళారి పక్కనే కాబట్టి ఎట్లాగో నెట్టుకొచ్చి ఉంటాడు, కోయంబత్తూరులో బేరమాడటానికి మాట కూడా కొత్తే. టీ కాఫీలు వాళ్ళకి నిషేధం కాబట్టి మన కుర్రాళ్ళకి సగం జేబు ఖాళీ చేసే టీకొట్టు లెక్క ఒకటి తప్పింది, అదొక్కటే ఊరట.

ఇద్దరిద్దరుగానే ఉంటారు కదా, పక్కనున్న కుర్రాడు ఆ ఊళ్ళో ముందునుంచీ ఉన్నవాడైతే చవక కూరగాయల సంత ఎక్కడో, ఏ బస్సు ఎటు పోతుందో వాడికి తెలుస్తుంది. 300 సంగతి మీకంటే ముందు వాడికి చెప్పాలి, సిగ్గుపడితే పస్తే. ఊరు మారిన ప్రయాణానికీ, గదికి కొన్న సామానుకీ మిషన్ ఆఫీసు డబ్బు తిరిగి ఇస్తుందేమో రసీదులతో అడగమనండి. ఇకమీదట కార్డులో డబ్బు పడగానే వారాల లెక్కన నాలుగు భాగాలు కాకుండా నాలుగున్నర భాగాలు చేసుకోమనండి. నెలాఖరు రెండు మూడు రోజులు అందరినీ ముంచేది అక్కడే. 2019 ఫిబ్రవరి నుంచి వాళ్ళకి వారానికోసారి ఇంటికి ఫోన్ చేసుకునే వీలిచ్చారు, అంతకుముందు ఏడాదికి రెండుసార్లే. కాబట్టి వచ్చే వారం వాడే చెప్తాడు, మీరు తొందరపడక్కర్లేదు.

వాడి సంగతి అంతే. ఇక మీ ఇంటి సంగతికొస్తాను, నాకు దిగులంతా అక్కడే.

1,44,000 మీద నూటికి రూపాయిన్నర అంటే నెలకి 2,160 వడ్డీ. ఐదు నెలల్లో చర్చికి కట్టింది 30,000, మిగిలిన 1,14,000 మీ సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉంది. ఏడాదికి రెండున్నర శాతం అనుకున్నా దాని మీద నెలకి వచ్చేది 240 లోపే. ఏడాది చివర కట్టాల్సిన డబ్బుకి కూడా ఈ రోజు నుంచే వడ్డీ కడుతున్నారు. కొడుకు కోసం తల్లి గొలుసు తీయడం నాకర్థమవుతుంది గానీ, రెండేళ్ళ సరిపడా ఒకేసారి తెచ్చిపెట్టుకోవడం మాత్రం ఫైనాన్సువాడికి చేసిన సేవ.

రేపే వెళ్ళి లక్ష అసలు కింద కట్టేయండి. అసలు కింద జమ చేసినట్టు రసీదు మీద రాయించుకోండి, లేకపోతే ముందస్తు వడ్డీ కింద వేసుకునేవాళ్ళున్నారు. 14,000 మాత్రం ఖాతాలో ఉంచండి, దాని పని తర్వాత చెప్తాను. మిగిలిన 44,000కి వడ్డీ నెలకి 660, అంటే 1,500 మిగిలింది. వీలైతే ఆ 44,000 కూడా మీ బ్యాంకు గోల్డ్ లోన్‌కి మార్చుకోండి, అక్కడ నూటికి రూపాయి లోపే దొరకొచ్చు. తీరా ఎప్పుడైనా మళ్ళీ అవసరం పడితే బంగారం మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, ఎంత తీస్తే అంతకే వడ్డీ.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 25,000లో ఇల్లు, చీటీ, వడ్డీ పోగా ఇప్పటిదాకా 3,840 మిగులుతోంది (అది ఎటు పోతోందో మీరు రాయలేదు, మీకూ తెలియదనుకుంటా, చాలా ఇళ్ళలో అంతే). వడ్డీ తగ్గాక అది 5,340 అవుతుంది. 6,000కే చాలదు, మరి జూన్ నుంచి 4,940 ఎక్కడినుంచి తెస్తారు?

అందుకే మీ అబ్బాయి చేత వాళ్ళ చర్చి బ్రాంచి పెద్దకి ఒక మాట చెప్పించండి, మా ఇంటివాళ్ళు 4,000 కంటే కట్టలేరు అని. ఇందులో నామోషీ ఏమీ లేదు. కట్టలేని కుటుంబాల పిల్లల కోసమే ఆ చర్చిలో సభ్యులు వేసే మిషనరీ ఫండ్ ఉంది, పేద దేశాల నుంచి పోయే పిల్లలు చాలామంది దాని సాయంతోనే పోతారు. అడగనివాళ్ళు ఉన్నోళ్ళే అనుకుంటారు ఎవరైనా. పూర్తిగా మానేయమని నేను చెప్పను, కొంతైనా కట్టాలన్న మీ పట్టుదల మంచిదే.

4,000 కడితే ఇంట్లో 1,340 మిగులుతుంది. ఈఎంఐ మొదలవడానికి ఇంకా రెండు నెలలుంది, ఆ తర్వాత చీటీ అయిపోయేదాకా ఐదు నెలలు నెలకి 3,600 తక్కువ పడుతుంది, మొత్తం 18,000. పక్కన ఉంచమన్న 14,000, ఈ రెండు నెలల మిగులు 2,680 వేస్తే లోటు 1,320 దగ్గర ఆగుతుంది, దసరా జాకెట్లు కుట్టి దాన్ని మీరే పూడుస్తారు. చీటీని అప్పటిదాకా పాడకండి, ఎవరెంత ఆశపెట్టినా సరే. చివర్లో వచ్చే 40,000, ఆగిపోయే 2,000 వాయిదా కలిస్తే అబ్బాయి వచ్చేదాకా లోటు తీరి, సుమారు 20,000 మిగులుతుంది. అది గొలుసుకే పోవాలి.

ఎడ్యుకేషన్ లోన్ గురించి మీరు బ్యాంకుని అడగని విషయం ఒకటుందని అనుమానం. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, చదువుతున్న కాలానికీ తర్వాత ఇంకో ఏడాదికీ వడ్డీ కేంద్రమే భరించే పథకం ఉంది. మీ ఆదాయం 3 లక్షలే. కాలేజీకి గుర్తింపు, వేరే స్కాలర్‌షిప్ తీసుకోకపోవడం లాంటి షరతులున్నాయి, కాబట్టి తప్పకుండా వస్తుందని చెప్పలేను గానీ, వచ్చి ఉంటే ఇప్పుడు 4.6 కాకుండా 3.4 లక్షలే ఉండాలి, పదిహేనేళ్ళ వాయిదా 3,650 దగ్గరికి దిగాలి. తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం తీసుకుని మేనేజర్‌నే కలవండి. కౌంటర్ దగ్గర అడిగితే తెలియదంటారు.

మిషన్ సేవలో ఉన్నాడు కాబట్టి వాయిదా ఆపుతారేమో అని మాత్రం ఆశపడొద్దు, బ్యాంకు దాన్ని చదువు కింద లెక్కేయదు. పైగా మీ ఆయన కూడా సంతకం పెట్టి ఉంటాడు. వాయిదాలు తప్పితే ఇద్దరి సిబిల్ స్కోరూ (అప్పులు సరిగ్గా కడుతున్నారో లేదో చూపే అంకె) దెబ్బతింటుంది. వాడు తిరిగొచ్చాక ఉద్యోగం దొరకడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం, రెండేళ్ళ ఖాళీ గురించి ప్రతి ఇంటర్వ్యూలో అడుగుతారు. రాగానే తీర్చేస్తాడు అన్న లెక్క మీద ఏమీ పెట్టుకోకండి. ఆయన మండిపడేది చర్చి మీదా, ఈ అప్పుల మీదా అన్నది నాకు తెలియదు. పైన రాసిన అంకెలు ఒక కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి. జీతం ఆయనది, సంతకం ఆయనది, దాచి చేసే పనైతే కాదిది.

ఇంకొకటి. అబ్బాయి సిమ్ 90 రోజులు వాడకపోతే ఆ నంబరు తీసేయొచ్చు, కొన్నాళ్ళకి ఇంకెవరికైనా ఇచ్చేస్తారు, ఐదు నెలలైంది కాబట్టి అసలు ఉందో లేదో ఈ రోజే చూడండి. ఆధార్, లోన్ ఖాతా, పాన్ అన్నీ దానికే కట్టి ఉంటాయి, ఓటీపీ రాకపోతే రెండేళ్ళు ఏ పనీ కదలదు. బతికుంటే మీ ఫోన్‌లో రెండో సిమ్‌గా వేసి చిన్న ప్యాక్‌తో నడపండి, అప్పుడప్పుడు దాన్నుంచి ఒక కాల్ చేయండి. పోయి ఉంటే లోన్ ఖాతాకి మీ ఆయన నంబరు పెట్టించండి. వాడి సేవింగ్స్ ఖాతా మీరు నడపడానికి బ్యాంకులో మాండేట్ ఫారం ఉంటుంది, దాని మీద వాడి సంతకం కావాలి. వచ్చే సోమవారం ఫోన్ చేసినప్పుడు కోయంబత్తూరు అడ్రస్ రాసుకుని ఫారం స్పీడ్ పోస్టులో పంపండి, మళ్ళీ ఊరు మార్చేలోపు సంతకం తెప్పించుకోవచ్చు.